వేలిముద్ర మీద బొట్టు

అయినా అందరిదీ ఒకటే మాట. ఈ ఏడు పెత్రమాసకు ముత్తాత పేరు తప్పిపోవడానికి కారణం నేనట, నా ఫోనట. పెద్దబాపు నన్ను ఇంటి వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాడు. తీసేస్తే తీసేయనీ. యాభై ఏళ్ళకు పైగా ఒక మనిషి పేరు తప్పిస్తే ఎవరికీ రాని కోపం, ఒక్కసారి ఆయన పేరు తప్పితే వచ్చిందా? ఆ కోపానికి నేను తల వంచను.

మాది కిషన్‌బాగ్‌లో పాల ఇల్లు. వెనక కొట్టంలో ఇప్పటికీ ఆరు బర్రెలున్నాయి. ముత్తాత పెట్టిన వ్యాపారం. తాత, పెద్దబాపు, మా బాపు అందరూ దాని మీదే బతికారు. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య పొద్దున అయ్యగారు మా ఇంటికి వస్తాడు. ఇస్తరాకులో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతూ నువ్వుల నీళ్ళు వదులుతారు. పేరు పలికిన వాళ్ళకే ఆ తిండి అందుతుందని మావాళ్ళ నమ్మకం. ముత్తాత పేరు మొదట వచ్చేది. ముత్తవ్వ పేరు ఎప్పుడూ రాలేదు. చిన్నప్పుడు ఎందుకని అడిగాను.

"అది లేచిపోయింది బిడ్డా," అన్నాడు తాత. "నాకు ఆరేండ్లప్పుడు ఇడిసిపెట్టి పోయింది. దానికెందుకు బియ్యం?"

అంత పెద్ద మనిషి, ఆ మాట అన్నప్పుడు మాత్రం చిన్నపిల్లాడిలా మూతి ముడుచుకున్నాడు.

ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. అందులో ఏడు ఉర్దూ కాగితాలు. ఒక్కోదాని కింద నల్ల సిరా వేలిముద్ర. వేలిముద్ర ఉంది కాబట్టి కొట్టం జాగా కాగితాలేనని మావాళ్ళ లెక్క. మేం పొద్దంతా ఉర్దూలో పాలు పోస్తాం, ఉర్దూలో బేరమాడతాం, ఉర్దూలోనే తిట్టుకుంటాం. చదవడం మాత్రం ముత్తాత తర్వాత ఒక్కరికీ రాలేదు. బయటివాళ్ళతో చదివిస్తే జాగా గుట్టు తెలిసిపోతుందని భయం. అందుకని దసరాకు పాల క్యాన్ల పక్కన ఆ కాగితాలనూ పీట మీద పరిచి, ఒక్కో వేలిముద్ర మీద కుంకుమ బొట్టు పెట్టి, మళ్ళీ పెట్టెలో దాచేవాళ్ళు. ముత్తాత అట్లా చేసేవాడట. ఆయన్ని చూసి తాత, తాతను చూసి పెద్దబాపు.

ఈ వానాకాలం జాగాల సర్వే వస్తుందన్నారు. కాగితాలు ఫొటోలు తీసిపెట్టమని పెద్దబాపు నాకే ఇచ్చాడు. తీశాను. అనువాదం చేసే యాప్‌లో పెడితే ఒకదానికి "గుర్రం వర్షం ధన్యవాదాలు" అని వచ్చింది. నాకు ఓపిక తక్కువ. ఎవరికీ చెప్పకుండా, మా దగ్గర పాలు పోయించుకునే ఒక ముసలాయన దగ్గరికి పోయాను. బడిలో ఉర్దూ చెప్పి రిటైరైన మనిషి. బస్తీ అంతా చాచా అంటుంది.

ఆయన నా ఫోన్ తీసుకుని, అక్షరాలు రెండు వేళ్ళతో పెద్దవి చేసుకుంటూ చదివాడు. ఒకటి అయింది, రెండోది అయింది. నేను ఆగలేకపోయాను.

"ఎన్ని గజాలంట చాచా?"

"గజాలు లేవు బేటీ. ఇది ఖత్. ఉత్తరం. ఒకామె చెప్తుంటే దవాఖాన మనిషి ఎవరో రాసిండు."

"ఏమని?"

ఆయన చదివి వినిపించాడు. "రోగం నయమైంది, ఇంటికి పోవచ్చని డాక్టర్ సాబ్ అన్నడు. వచ్చి తీస్కపో. పాల కుండలు ముట్టను. కొట్టంల పండుకుంట. పిలగాడు ఎంత పొడుగైండో ఒక దారం కొలిచి పంపు."

"ఏం రోగం?"

చాచా నా ముఖం చూడలేదు. "కుష్ఠు," అన్నాడు.

ఏడు ఉత్తరాల్లోనూ అదే. దారం మాట ఏడింటిలోనూ ఉంది.

దవాఖాన పేరు ఉత్తరం మీదే ఉంది. నగరం బయట, ఇప్పటికీ నడుస్తోంది. రెండు బస్సులు మారి వెళ్ళాను. అంత పాత రిజిస్టర్లు దొరకవన్నాడు గుమస్తా. నేను గొంతు పెంచాను. మూడోసారి వెళ్ళినప్పుడు విసుగొచ్చి బీరువా తీశాడు. ఉత్తరాల్లో ఉన్న ముత్తవ్వ పేరు దొరికింది. భర్త పేరు, కిషన్‌బాగ్, పాల వ్యాపారం. తీసుకొచ్చి చేర్పించింది: భర్త. తర్వాత, నయమైంది, పంపవచ్చు. తర్వాత, ఎవరూ రాలేదు. తర్వాత, వంటశాలలో పని. చివరి గడిలో చావు తేదీ. వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. అప్పటికి తాతకు పెళ్ళయింది, పెద్దబాపుకు మూడేళ్ళు. లేచిపోయిన మనిషి అన్నాళ్ళూ రెండు బస్సుల దూరంలో కూరగాయలు తరుగుతూ ఉంది.

పెద్దబాపు పాలు పిండుతుంటే వెళ్ళి చెప్పాను. ఆయన మొదట అడిగింది ఒక్కటే.

"ఇంకెవరికన్న చెప్పినవా?"

"ఆమె లేచిపోలే పెద్దబాపూ. మీ తాతనే దించొచ్చిండు."

"ఇంట్ల ఆ రోగం ఉందంటే మన పాలు ఎవడు తాగుతుండె? గట్ల చేసిండు గాబట్టే మనం బతికినం."

"నయమైనంక?"

"నయమైందని బస్తీల ఇంటింటికి తిరిగి ఎవడు చెప్పాలె?" బర్రె పొదుగు మీంచి చెయ్యి తీయలేదు. "తాతకు చెప్పకు. ఇప్పుడు తెల్సుకొని ముసలాయన ఏం జేస్తడు?"

రెండు రోజులు నోరు మూసుకున్నాను. నాకు అదే ఎక్కువ. మూడో రోజు తాత పెత్రమాస సామాన్లు చెబుతూ నా ఫోన్‌లో రాసుకోమన్నాడు. బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ, నువ్వులు. ఆ తర్వాత పేర్లు.

"ఇంకో పేరుంది తాతా," అన్నాను.

చాచా చదివిన మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను, దవాఖాన రిజిస్టర్ సంగతీ చెప్పాను. తాత ఏడవలేదు. "దారమా?" అన్నాడు. ఆ తర్వాత, "ఏడుసార్లు అడిగిందా?" అన్నాడు. పెట్టె తెప్పించుకుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, వేలిముద్రల మీది కుంకుమను ధోతీ అంచుతో తుడిచాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న కుంకుమ. దాంతోపాటు ముద్రలో గీతలు కూడా కొన్ని పోయాయి.

పెద్దబాపు గుమ్మంలో నిలబడ్డాడు. "మా తాత వాటిని పారేయలే గద నాయినా. దాచిండు. బొట్టు పెట్టిండు."

"బొట్టు పెట్టుడు అల్కనే," అన్నాడు తాత. "బస్సెక్కుడే కష్టం."

పెత్రమాస నాడు అయ్యగారు పేర్లు చెప్పమన్నాడు. తాత తల్లి పేరు చెప్పి నీళ్ళు వదిలాడు. ఆ పేరు ఆయన నోట వినడం మా అందరికీ అదే మొదలు. "తండ్రి పేరు?" అన్నాడు అయ్యగారు. తాత పలకలేదు. పెద్దబాపు వెనక నుంచి రెండుసార్లు అందించాడు. తాత చెంబు కింద పెట్టాడు.

"ఈ యేడు గింతే."

అప్పటినుంచి తాత సరిగా తినడం లేదు. కొట్టం వైపు రావడం మానేశాడు. నువ్వు చెప్పకపోతే సుఖంగా పోయేవాడు అంటున్నారు. అది నిజమే కావచ్చు. ఆరేళ్ళప్పటి కోపాన్ని అలాగే పట్టుకుని సుఖంగానే పోయేవాడేమో. కానీ ఇంట్లో అందరి ఫికరూ ముత్తాత ఆకలి గురించే. చచ్చిన నాటి నుంచి ప్రతి పెత్రమాసకూ ముత్తవ్వ పస్తే ఉంది. బతికున్నప్పుడు అడిగిన ఒక్క దారం కూడా ఆమెకు అందలేదు. అలాంటప్పుడు ఒక్క ఏడాది ఆయన పస్తుంటే తప్పని, నా ముఖం చూసి చెప్పగలరా మీరు?