మల్లెవాసన తగిలిన పంట

నిన్న హిందూపురం బజారులో ఊదుకడ్డీలు ఎంచుకోవడానికి నాకు అరగంట పట్టింది. మల్లె, సంపంగి, మొగలి... ఒక్కొక్క పెట్టె ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంటే అంగడాయన నవ్వి, "ఎవురొస్తాండారక్కా, ఇంతగా చూస్తాండావు?" అన్నాడు. తమ్ముడి కూతురు వస్తానంది. మా ఇంటాయన పోయాక నా గడప తొక్కేవాళ్లు తక్కువ. మూసిన గదుల్లో ముక్కవాసన. వచ్చే ఒక్క పిల్లా ముక్కు మూసుకోకూడదని నా పాట్లు. చివరికి సంపంగి తీసుకున్నాను. మల్లె కొనడానికి మాత్రం ఈ వయసులోనూ మనసొప్పలేదు.

లేపాక్షి దగ్గర పల్లెలో మా పుట్టిల్లు సగం మాది, సగం పట్టుపురుగులది. సగం అనడం కూడా మా మర్యాద కోసమే. ఘాటు తగిలితే పురుగులు చస్తాయని దేవుడికి సైతం ఊదుకడ్డీ వెలిగించేవాళ్లం కాదు. దీపంతో, రెండు పూలతో ఆయన సర్దుకునేవాడు. ఆ యేడు అక్క అత్తగారివాళ్లు ధర్మవరం నుంచి మొదటిసారి వస్తున్నారు. పట్టుచీరలు నేసేవాళ్లు. వాళ్లకు మా ఇల్లు పురుగువాసన కొడుతుందని పద్నాలుగేళ్ల నాకు ఒకటే సిగ్గు. నాయన వాళ్లకోసం బస్సు దగ్గరికి పోగానే ముందుగదిలో నాలుగు మల్లె కడ్డీలు ముట్టించాను. ఒక్కరోజుకేమవుతుందిలే అనుకున్నాను. "ఇల్లు గుమగుమలాడతాండాది" అంది అక్క అత్తగారు, లోపలికి వస్తూనే. నాయన ముఖం మాత్రం నల్లబడింది. చుట్టాల ముందు ఏమీ అనలేక కిటికీలు తెరిచాడు.

మరునాడు వాళ్లు బస్సెక్కేసరికి, వేసిన ఆకు వేసినట్టే ఉంది. వారంలో గూళ్లు కట్టవలసిన పురుగులు తలలు ముడుచుకుని పడి ఉన్నాయి.

"ఎవురు ముట్టిచ్చింది?" అని నాయన అరిచాడు. నాయనను కన్న అవ్వ నా వైపు ఒకసారి చూసి, "నేనేరా. సుట్టాలొస్తారని ముట్టిస్తి" అంది.

పంటంతా దిబ్బలో పోశాడు నాయన. ఆపైన అవ్వను పురుగుల గదిలోకి రానివ్వలేదు. బతుకంతా పురుగులను మేపిన మనిషి బయట అరుగు మీద ఒక్కతే కూర్చునేది. నేను ఖాళీ ఆకుగంపతో బయటికి వస్తే, "తింటాండాయా పాపా?" అని అడిగేది. "తింటాండాయవ్వా" అనేదాన్ని. అంతకుమించి నోరు రాని పిరికిదాన్ని.

ఈ పంట గూడు కట్టాక నాయనకు నిజం చెబుదాం అనుకున్నాను. పంట వెనక పంట వచ్చింది. అరుగు మీదనుంచే అవ్వ పోయింది, తర్వాత కొన్నేళ్లకు నాయనా పోయాడు. ఎప్పుడైనా చెప్పవచ్చులే అనుకుంటూ గడిపాను గానీ, ఆ ఎప్పుడైనా అన్నది కూడా ఒకనాటికి అయిపోతుందని నాకు తెలియలేదు.