సెబ్తా నుంచి వచ్చిన డబ్బా

నా రెండు కళ్ల మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వనీయండి.

జెద్దా రేవు బయట ఖాళీ కంటైనర్లకు వెల్డింగ్ పెట్టే యార్డులో నా పని. డబ్బా మూసేముందు ఇనుప గోడ మీద మూడుసార్లు తట్టి, పది దాకా లెక్కపెట్టాలి. లోపల నీడకు పడుకున్నవాడెవడైనా ఉంటే లేచి వస్తాడు. అది మా యార్డు పద్ధతి.

నా జోడీ మొరాకో మనిషి. ఉర్దూ, అరబ్బీ కలిపి మాట్లాడుకునేవాళ్లం. వాళ్ల ఊరిని ఆనుకునే సెబ్తా అనే రేవు పట్నం ఉంది. నేల ఆఫ్రికాది, జెండా స్పెయిన్‌ది, చుట్టూ కంచె. ఆ కంచె సముద్రంలోకి దిగి ఆగిపోయేచోట, ఈదుకుంటూ అవతలికి పోదామని అతని తమ్ముడు నీళ్లలో దిగాడు. పదకొండు రోజులైంది. కబురు లేదు.

ఆ మధ్యాహ్నం కాగితం చూస్తే, మేము చిల్లు పూడ్చిన డబ్బా సెబ్తా నుంచే వచ్చింది. అతనికి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను, నా నోరు అట్లాంటిది. తర్వాత తలుపులు దగ్గరికేసి మూడుసార్లు తట్టాను. లోపలి నుంచి మూడుసార్లు తిరిగి వినబడింది.

మా ఫోర్‌మన్ జగిత్యాల ఆయన. "ఏందిరా, మళ్ల కథ మొదలువెట్టినవా?" అంటూ వచ్చి తనూ తట్టాడు. మళ్లీ మూడు.

తలుపు తీశాం. ఎవరూ లేరు. ఎండి పగుళ్లిచ్చిన చెక్క నేల మీద, వెనక గోడ నుంచి గడప దాకా తడి పాదాలు. వట్టి కాళ్లవి. గడప దగ్గర ఆగిపోయాయి.

మొరాకో మనిషి బూటు విప్పి, ఒక అడుగు పక్కన తన పాదం ఆనించాడు.

"వాడిది నాకంటే వేలెడు చిన్నది, భాయ్," అన్నాడు.

ఆ అడుగూ వేలెడు చిన్నదే. చూస్తుండగానే ఆరిపోయి, ఉప్పు మిగిలింది.

అప్పుడే అతని ఫోన్ మోగింది. తమ్ముడు ఒడ్డెక్కాడట, బతికే ఉన్నాడట. యార్డంతా చాయ్ తాగాం.

సరే, ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఒప్పుకుంటాను. చప్పుడూ పాదాలూ జరిగినవే, కావాలంటే ఫోర్‌మన్‌ను అడగండి. ఫోన్ మాత్రం నేను కల్పించి పెట్టింది. కథలోనైనా ఒకసారి మోగనిద్దామని.

ఆ ఫోన్ అతనికి ఇంకా రాలేదు. ఇప్పుడు ప్రతి డబ్బానూ తట్టేది అతనే. పది దగ్గర ఆపడు. గోడకు ఆనించిన చెవి అతను తీసేదాకా, నేను తలుపు పట్టుకుని నిలబడతాను.