గోలీ కాదు మేడం, పొడి

1995లో నేను పటాన్‌చెరు అవతల, గుమ్మడిదల వైపు పల్లెల మధ్య ఉన్న ఒక చిన్న పశువైద్యశాలలో డాక్టరుగా పనిచేస్తున్నాను. రెండు గదులు, ముందు రేకుల షెడ్డు, గేదెలను కదలకుండా నిలబెట్టడానికి ఇనుప పైపుల చట్రం. దాన్ని మేం ట్రెవిస్ అంటాం. రోడ్డుకు ఒక పక్క జొన్న చేలు, ఇంకో పక్క మందుల కంపెనీలు. పొద్దున పాలు పిండి, సైకిలెక్కి షిఫ్టుకు పోయే మనుషులు చాలామంది ఉండేవారు. మా నాన్న ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం దొరికి కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చాడు. నేను ఇక్కడే పెరిగినా మాట మాత్రం ఇంట్లోదే మిగిలింది. కోపం కూడా ఇంట్లోదే. మా నాన్నకు ముక్కు మీద ఉండేది, నాకు నాలుక చివర ఉంటుంది.

ఆ ఏడు చలి మొదలైన రోజుల్లో అంజయ్య అనే మనిషి మోపెడ్ మీద తన కుక్కను తీసుకొచ్చాడు. నలభై దాటి ఉంటాయి. ఎకరం పొలం ఉంది, దాంతోపాటు మందుల కంపెనీలో ప్యాకింగ్ గదిలో పని. కుక్క పేరు మోతి. గోధుమ రంగు, పన్నెండేళ్ళు, మూతి మొత్తం తెల్లబడిపోయింది.

"మేడం, జెర మా మోతిని సూడుండ్రి. పొద్దుగాల లేవనీకే వస్తలేదు. ఎనుక కాళ్ళు బిగుసుకపోతున్నయి. లేసినంక పది అడుగులు కుంటి కుంటి, గప్పుడు సాఫ్ నడుస్తది."

వెనుక కాలు నెమ్మదిగా ముడిచి చాపి చూశాను. తుంటి కీలులో ఇసుక పడ్డట్టు గరగర నా వేళ్ళకు తెలిసింది. ఆర్థ్రైటిస్. కీళ్ళ మధ్య ఉండే మెత్తని పొర అరిగిపోయి ఎముకను ఎముక రాసుకోవడం. ముసలి కుక్కల్లో మామూలే. పూర్తిగా నయం కాదు, కానీ దాని బతుకు సుఖంగా నడిచేట్టు చెయ్యొచ్చు.

అదెలాగో అంజయ్యకు ఓపిగ్గానే చెప్పాను. చల్లటి బండ మీద పడుకోనివ్వకు, గోనెసంచిలో వరిగడ్డి కుక్కి పరుపు వెయ్యి. పొద్దున లేపే ముందు వేడినీళ్ళలో పిండిన గుడ్డతో తుంటికి కాపడం పెట్టు. పొట్ట కిందుగా తువ్వాలు వేసి, రెండు కొసలు పైకి పట్టుకుని, వెనుక భాగం బరువు నువ్వు మోస్తూ లేపు. రెండు పూటలా కొంచెం కొంచెం నడిపించు. అన్నం తగ్గించు, ఒళ్ళు తగ్గితే కీళ్ళ మీద బరువు తగ్గుతుంది. పెరిగిపోయిన గోళ్ళు నేనే కత్తిరించాను. అతను అన్నీ తలూపుతూ విన్నాడు గానీ మొహంలో తృప్తి లేదు.

"సూది గిట్ల ఏం లేదా మేడం?"

"ఇప్పుడు అక్కర్లేదు. ఇంకో మాట. షాపులో నొప్పి గోలీలు కొని వేస్తావేమో. మనుషుల గోలీలు కుక్క కడుపును కాల్చేస్తాయి. ఒక్క గోలీ వేశావని తెలిసిందో, మళ్ళీ నా గుమ్మం తొక్కద్దు."

"ఒట్టు మేడం, గోలీ ఎయ్య," అన్నాడు.

మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చాడు. మోపెడ్ ఆగీ ఆగకముందే మోతి కిందికి దూకింది. నేను గుడ్లప్పగించి చూశాను. షెడ్డు చుట్టూ రెండు రౌండ్లు కొట్టి, ట్రెవిస్‌లో ఉన్న గేదెను చూసి మొరిగి, తోక ఊపుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. నా ఆనందానికి హద్దుల్లేవు. అక్కడున్న రైతులందరికీ తువ్వాలు ఎలా పట్టుకోవాలో అంజయ్య చేత చేయించి చూపించాను. "మందు లేకుండా నయం చేయడమంటే ఇదీ," అని గొప్పలు పోయాను. అంజయ్య నవ్వుతూ, "అంత మీ దయ మేడం," అన్నాడు.

సంక్రాంతి దాటిన వారానికి అదే మోతిని గోనెసంచిలో చుట్టి తెచ్చాడు.

తల ఎత్తలేకపోతోంది. పెదవి ఎత్తి చూసి అదిరిపడ్డాను. పెదవి లోపలి పొరను మ్యూకస్ మెంబ్రేన్ అంటాం. గులాబీ రంగులో ఉండాలి. మోతిది సున్నం కొట్టిన గోడలా ఉంది. సంచి నిండా నల్లటి, తారులాంటి విరేచనం. దాన్ని మెలీనా అంటాం. కడుపులో కారిన రక్తం అరిగి నల్లగా బయటికి వస్తోందన్నమాట. ఒంట్లో రక్తమంతా కడుపులోకే పోతోంది.

"గోలీలు వేశావా?"

"లే మేడం. ఒక్క గోలీ ఎయ్యలే."

"అబద్ధమాడకు అంజయ్యా!"

"ఒట్టు మేడం. గోలీలు ఎయ్యొద్దన్నరు గద, ఎయ్యలే. పొడి ఏసిన."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అతను చొక్కా జేబులోంచి న్యూస్‌పేపర్ పొట్లం తీసి విప్పాడు. తెల్లటి మెత్తని పొడి. "గిది మా కంపెనిల తయారైతది మేడం. నొప్పికి మస్తు పనిచేస్తది. రోజు బెల్లంల పెట్టి తినిపిస్తున్న. గందుకే గట్ల ఉరికింది."

వాళ్ళ కంపెనీలో తయారయ్యేది ఐబూప్రొఫెన్. బల్క్ డ్రగ్ అంటారు. గోలీ కాకముందు మందు ఉండే రూపం. గోలీలో కొలిచి వేసిన మందు కొంత, మిగతాది పిండీ గిండీ. ఈ పొట్లంలో పిండి లేదు, అంతా మందే.

"ఎంత వేశావు?"

"చిటికెడే మేడం."

నా దగ్గర మందులు తూచే చిన్న త్రాసు ఉంది. రోజూ ఎలా తీస్తావో అలాగే తీసి ఇందులో వెయ్యి అన్నాను. నాగలి పట్టిన చేతులు. మూడు వేళ్ళు కలిపి తీశాడు. త్రాసు తటాలున కిందికి వాలింది. రెండు మూడు గోలీల్లో ఉండే మందు. రోజూ. ఒక ముసలి కుక్కకు.

అంతే, నా నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. "బుద్ధుందా నీకు? గడ్డి తింటున్నావా? కంపెనీలో దొంగతనం చేసి తెచ్చి నోరులేని జీవానికి విషం పెడతావా? రేపే మీ మేనేజర్ దగ్గరికి వెళ్ళి నీ ఉద్యోగం ఊడగొట్టిస్తాను చూడు!"

"దొంగతనం గాదు మేడం, డ్రమ్ములు నింపంగ కింద రాలిన..."

"నోరు ముయ్యి!"

మూశాడు. మోతి పక్కన గొంతుక్కూర్చుని దాని చెవి నిమురుతూ ఉండిపోయాడు. ఇంకేదో చెప్పాలన్నట్టు రెండుసార్లు నా వైపు చూశాడు. నేను పట్టించుకోలేదు. సెలైన్ ఎక్కించే పనిలో ఉన్నాను, పైగా నా తువ్వాలు వైద్యం గురించి ఊరంతా చెప్పుకున్న సిగ్గు ఒకటి లోపల కాల్చేస్తోంది.

రెండు రోజులు చేతనైనదంతా చేశాను. అంజయ్య షిఫ్టుకు ముందొకసారి, తర్వాతొకసారి వచ్చి కూర్చునేవాడు. నేను మొహం తిప్పుకుని నా పని చూసుకునేదాన్ని. మూడో రోజు పొద్దున, అతని ఒడిలో తల పెట్టుకునే మోతి ప్రాణం వదిలింది.

చుట్టి తీసుకుపోవడానికి అంజయ్య భార్య యాదమ్మ పాత చీర పట్టుకుని వచ్చింది. ఇద్దరూ కలిసి మోతిని సంచి మీంచి ఎత్తారు. సంచి మీది నల్లటి మరకలు చూసి యాదమ్మ ఆగిపోయింది.

"అయ్యో, గిట్లనే పోతున్నదా దీనికి? మా అత్తకు గూడ పది రోజుల సంది గిట్లనే నల్లగ పోతున్నది."

నా చేతిలో సెలైన్ సీసా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

"మీ అత్త ఏం తింటోంది యాదమ్మా?"

ఆమె మొగుడి వైపు చూసింది. అంజయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ముందుగాల అమ్మకే ఇచ్చిన మేడం," అన్నాడు. "దసర సంది తింటున్నది. అమ్మ మోకాళ్ళకు గుణమొచ్చినంకనే మోతికి ఏసిన."

"మొన్ననే ఎందుకు చెప్పలేదు?"

జవాబు యాదమ్మ చెప్పింది. "నౌకరి ఊడగొడ్తనంటిరట గద మేడం. ఇగ ఆయన నోరు తెరుస్తడా?"

నన్ను చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. అంటే మొన్న నేను అరుస్తున్నప్పుడు, నిన్న నేను మొహం తిప్పుకున్నప్పుడు, ఒక ముసలావిడ ఆ పొడి తింటూనే ఉంది. "ఇవాళ కూడా తిందా?" అని అడిగాను. పొద్దున చాయ్ తాగకముందే తిన్నదని యాదమ్మ చెప్పింది.

మోతిని చీరలో చుట్టి షెడ్డులోనే ఉంచి, ఆటో పిలిచి ముగ్గురం వాళ్ళ ఇంటికి పరుగెత్తాం. గడప ముందు అంజయ్య తల్లి బాలమ్మ చక్కగా గొంతుక్కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"పశువుల డాక్టరమ్మవు గద బిడ్డా, మా ఇంట్ల బర్రె లేకపాయె, నాకు ఏస్తవా ఏంది సూది?"

పక్కన కూర్చుని ఆమె కంటి కింది రెప్ప వేలితో లాగి చూశాను. గొర్రెల్లో రక్తం తగ్గిందేమో అలాగే చూస్తాం. ఎర్రటి చార ఉండాల్సిన చోట తెల్లకాగితం.

"ఆయాసం వస్తోందా పెద్దమ్మా?"

"నాలుగు అడుగులేస్తే గుండె దడదడ కొట్టుకుంటది. ముసలిదాన్నైతిని గద."

"ఆ పొడి వల్లే. కడుపులో పుండు పడి రక్తం కారుతోంది. వెంటనే సంగారెడ్డి పెద్దాసుపత్రికి వెళ్ళాలి."

"ఏ, ఊకో బిడ్డా!" అని లేచి నిలబడి, మళ్ళీ గొంతుక్కూర్చుని చూపించింది. ఆ కాస్తకే రొప్పుతోంది. "సూసినవా? ఐదేండ్ల సంది గిట్ల కూసోలే నేను. బయటికి పోవాల్నన్నా కోడలు రెక్క పట్టాలె. పొడి ఇడిస్తే మల్ల గదే బతుకు. నాకొద్దు."

ఏం చెప్పినా వినలేదు. చివరికి అంజయ్య ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, మోతి సచ్చిపోయింది. గా పొడికే సచ్చిపోయింది. నేనే సంపుకున్న. నువ్వు పోతే నేనెట్ల బతకాలె?" పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

బాలమ్మ ఒడిలోని అనపకాయలు చేటలో పోసి, "లేపు నన్ను," అంది.

తల్లీకొడుకులు ఆటోలో వెళ్ళారు. అప్పటికి ఆ వాడ ఆడవాళ్ళు పది మంది దాకా గుమికూడారు. అంతకుముందు మా మధ్య జరిగిన మాటలు వాళ్ళు వినలేదు. యాదమ్మ నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అంది, "మేడం, గా పొడి మా ఒక్క ఇంట్లనే లేదు. అడిగినోళ్ళకల్ల ఇచ్చిండు."

అరవడానికి నోరు తెరిచాను. యాదమ్మ మొహం చూసి మూసుకున్నాను. ఇప్పుడు అరిస్తే ఒక్కరు కూడా ఒప్పుకోరు. గడప మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ, "గేదెల వెంట తిరిగి తిరిగి నా మోకాళ్ళు పోయాయమ్మా. రాత్రయితే నిద్ర ఉండట్లేదు," అన్నాను.

"అయ్యో, గింత వయసులనేనా?" అని ఒకామె ఇంట్లోకి పోయి పొట్లం తెచ్చింది. ఇంకొకామె నడుము దగ్గర చీర ముడి విప్పింది. ఇంకొకామె గూట్లోంచి మాత్రల డబ్బీ తెచ్చింది, దాన్నిండా పొడి. "జెర బెల్లంల ఏసుకో బిడ్డా, తెల్లారేసరికి సాఫ్ అయితది," అని ఒకరు, "గాది పాతది, నాది తీస్కో," అని ఒకరు. చూస్తుండగానే నా ఒళ్ళో ఏడు పొట్లాలు పడ్డాయి.

చివరగా ఇచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో, చంకలో బిడ్డ. "నొప్పులకే గాదు మేడం. మా పోరనికి జెరమొస్తే గూడ గిదే ఏస్త," అంది.

ఆ బిడ్డ కంటిరెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉంది. అప్పుడు ఊపిరి పీల్చుకుని, వాళ్ళందరినీ కూర్చోబెట్టి, మోతి దేనికి చనిపోయిందో, బాలమ్మ ఆటో ఎందుకెక్కిందో మెల్లగా చెప్పాను. ఆ అమ్మాయి బిడ్డను గట్టిగా పొదుముకుని గోడకు జారగిలబడి కూర్చుంది. పొట్లాలన్నీ అక్కడే గొయ్యి తీసి పూడ్చాం. నల్లగా పోతోందని ఒప్పుకున్న ఇద్దరిని మర్నాడు నేనే సంగారెడ్డి తీసుకెళ్ళాను.

బాలమ్మకు రెండు సీసాల రక్తం ఎక్కించారు. బతికింది. మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి. మేనేజర్ దగ్గరికి నేను వెళ్ళలేదు.

నెల తర్వాత అంజయ్య మా పశువైద్యశాలకు వచ్చాడు. తల్లి అన్నం తింటోందని, నన్ను గుర్తు చేసుకుంటోందని చెప్పాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"గా దినం ఇంకెవరన్న తింటున్నరా అని ఒక్క మాట అడిగితే చెప్పెటోన్ని మేడం."

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా అనేసి మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా సర్వీసు చేశాను. జీవానికి ఏం పెట్టారని అడిగిన ప్రతిసారీ, ఇంట్లో ఇంకెవరు వాడుతున్నారని కూడా అడిగాను. అడిగాక జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చునేదాన్ని. నా ఉద్యోగం మొత్తంలో నాకు కష్టమైన పని అదొక్కటే.