వేడెక్కేదాకా ఆగమన్న ప్రభుదాస్ అన్నయ్య

నిన్న పొద్దున్నే ఫోన్. "ప్రభుదాస్ అన్నయ్య ఇక లేరు" అన్నారు.

"ఏ ప్రభుదాస్?" అని అడిగాను. తెలిసే అడిగాను.

మీలో చాలామందికి ఆయన తెలీదు. ఎనభైల చివర్లో తెనాలి రైల్వే గేటు దగ్గర రేకుల షెడ్డులో ఆంప్లిఫైయర్లు తయారుచేసేవారు.

పాటల ఆంప్లిఫైయర్లు కాదండోయ్! కరెంటు మీటర్లు కరెక్టుగా ఉన్నాయో లేదో పరీక్షించడానికి యాభై ఆంపియర్లు పంపేవి. ఫ్రీక్వెన్సీ ఎంత పెంచినా ఆ కరెంటు కాస్త కూడా తగ్గకూడదు. అదీ ఆయన పిచ్చి.

డిప్లొమా అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. రోజూ రేపల్లె నుంచి రైల్లో వచ్చేదాన్ని.

"వెళ్ళే రాగి పట్టీ, తిరిగొచ్చే రాగి పట్టీ దగ్గరదగ్గరగా ఉండాలి చెల్లెమ్మా, మొగుడూ పెళ్ళాల్లాగా. ఎడం పెరిగిందా, ఫ్రీక్వెన్సీ పెంచగానే గొడవే" అనేవారు. క్లాసులో బుర్రకెక్కని సంగతి అలా ఎక్కింది.

ఇంకో రూల్ ఉండేది. ఆన్ చేశాక గంట ఆగాలి. లోపలివన్నీ వేడెక్కి కుదురుకున్నాకే రీడింగ్ రాయాలి.

ఆ గంటలో టీ, బఠాణీలు, బాపట్లలో వాళ్ళ చర్చి క్వయర్ పాటల కబుర్లు. నాకేమో చచ్చేంత విసుగు.

ఒక సాయంత్రం రైలు టైమ్ అయిపోతోంది. పది నిమిషాలకే రీడింగ్స్ రాసేసి, టెస్ట్ షీట్ మీద "గంట తర్వాత" అని పెట్టేశాను. అన్నయ్య నన్ను నమ్మి సంతకం చేశారు.

ఆ ఆంప్లిఫైయర్ రేపల్లెలో ఒక మీటర్ల వర్క్‌షాప్‌కి వెళ్ళింది. మూడో రోజు కబురొచ్చింది. వేడెక్కాక మీ షీట్‌తో కలవడం లేదు, వెనక్కి పంపేస్తున్నాం అని.

ఆ ఆర్డర్ పోతే షెడ్డు మూతే.

ఏడుస్తూ నిజం చెప్పేశాను. అన్నయ్య పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నారు. తర్వాత "పద, వెళ్ళి చూద్దాం" అన్నారు.

అక్కడ సూపర్‌వైజర్ గారు మండిపడ్డారు. "ఎవరండీ ఇది రాసింది?"

నేను అన్నయ్య వెనక్కి జరిగాను.

"సంతకం నాదండి. తప్పు నాదే" అన్నారు అన్నయ్య.

ఆన్ చేసి, అందరి ముందూ స్టూల్ మీద గంటసేపు కూర్చున్నారు. లోపల సరిచేశారు. కొత్త షీట్ రాయమని పెన్ను నా చేతికే ఇచ్చారు. దేవుడి దయ, ఆర్డర్ నిలబడింది.

అన్నయ్య ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, నవ్వులాటకి కూడా.

ఇన్నేళ్ళూ నేనూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఆ తప్పు ఆయనది కాదండి, నాది.

ఇవాళ బాపట్లలో మట్టి వేసి అందరూ వెళ్ళిపోయారు. రేపల్లె బస్సు కూడా వెళ్ళిపోయింది.

పోతే పోనీ.

మీ సమాధి దగ్గర గంట కూర్చున్నాను అన్నయ్యా. ఈసారి నిజంగానే.

హాయిగా నిద్రపోండి. మీ ఆత్మకి ప్రభువు శాంతినివ్వాలి.