ఆఫీసు గొంతు

మా వరసలో మూడో సీటామెను మేమంతా తేనెసీసా అంటాం. ఆమె ఎదురుగా కాదు లెండి. హెడ్‌ఫోన్ తగిలించుకోగానే ఆమె గొంతు సన్నబడి ఎంత తియ్యగా మారుతుందంటే, ఇంట్లోవాళ్లు కూడా పోల్చుకోలేరు. మా పని బిల్లు అందలేదని కంపెనీ ఇంటర్నెట్ లైను కట్ చేసినవాళ్లతో మాట్లాడటం. తిరిగి కలపడానికి ఫీజు అడుగుతాం. ఎందుకు కట్టాలని వాళ్లు, కట్టాల్సిందేనని మేము.

రోజుకు ఇద్దరికి ఫీజు మాఫీ చేసే బొత్తాం మాలో ప్రతి ఒక్కరికీ ఉంది. తప్పు కంపెనీదైతే నొక్కాలని రూలు. నిజానికి అరిచేవాళ్లకే నొక్కుతాం. బతిమాలేవాళ్ల పేరు పక్కన ‘మెత్తన’ అని రాసి వదిలేస్తాం. ఆ మాట కనిపెట్టింది తేనెసీసాయే. నాలుగు నెలలుగా ఆమె ఒక్కరికీ మాఫీ చేయలేదు. సోమవారం కొత్త టీమ్ లీడర్ ఎవరో చెబుతారు; మాఫీలు తక్కువ చేసినవాళ్లకే మొగ్గు. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం.

ఆదివారం మూడున్నరకు ఆమెకో కాల్ వచ్చింది. స్క్రీన్ మీద పేరు చూసి బిగుసుకుపోయింది. నేనూ తొంగిచూశాను. ఆమె సొంత అక్క. తల్లి పోయాక మిషను కుట్టి ఈమెను చదివించిన మనిషి. పక్కవాళ్ల కాల్స్ మా హెడ్‌ఫోన్లోకి కలుపుకుని వినే పాడు అలవాటు మా అందరికీ ఉంది. విన్నాను.

“కట్టిన బిల్లు పక్క ఫ్లాటు ఖాతాలో పడిందటమ్మా. తప్పు తమదేనని మీవాళ్లే చెప్పారు. మా పాపకి చెవులు వినపడవు. హాస్టల్లో చేరి వారమైంది. ఇవాళ ఐదింటికి మొదటిసారి వీడియోలో కనిపిస్తుంది. మేం చేతులతోనే మాట్లాడుకోవాలి, మామూలు ఫోన్లో కుదరదు. కాస్త లైను కలుపు తల్లీ.”

“మీ బాధ నాకు అర్థమైందండీ. ఫీజు కడితే గంటలో కలుపుతాం. అభ్యంతరం రాయిస్తే విచారణకి మూడు రోజులు పడుతుంది.”

“చేతిలో అంత లేదమ్మా. మా చెల్లెలు కూడా మీ ఆఫీసులోనే చేస్తుంది. దాని పేరు చెప్పను లే. నావల్ల దానికి మాట రాకూడదు.”

నా మాఫీలు రెండూ పొద్దున్నే ఇద్దరు బూతురాయుళ్లకు పోయాయి. ఉంటే నేనేదో ఉద్ధరించేదాన్నని కాదు. ఆమెవి రెండూ అలాగే ఉన్నాయి. బొత్తాం వైపు వేలు కదల్లేదు.

“ఇంకేమైనా సహాయం కావాలా అండీ?” అంది తేనెసీసా.

“ఏం లేదమ్మా. చల్లగా ఉండు.” అక్క పెట్టేసింది.

ఈమె ‘మెత్తన’ అని టైపు చేసింది. నాకు ఒళ్లు మండింది.

“సొంత అక్కే! సిగ్గుందా నీకు?”

“అరవొచ్చుగా, ఎవరొద్దన్నారు? నేనేమన్నా నోరు కుట్టేశానా?”

ఐదు దాటిన ఆరు నిమిషాలకు బల్ల మీద ఆమె సొంత ఫోన్ వెలిగింది. వీడియో కాల్. రెండు జడల పిల్ల ఫొటో. అమ్మ దొరక్క పిన్నికి చేస్తోంది.

“ఎత్తు,” అన్నాను.

“ఎత్తి ఏం చెయ్యను?” ఈసారి అసలు గొంతు వచ్చింది, బొంగురుగా. “దానికి గొంతు వినపడదే. మొహమే చూస్తుంది.”

ఫోన్ బోర్లించి తర్వాతి కాల్ తీసుకుంది. “నమస్కారమండీ, ఏం సహాయం చేయమంటారు?”

ఆ పిల్ల ఇంకో మూడుసార్లు చేసింది.