అక్క చూసిన శని

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. కొండాపూర్‌లో మొదట కిరాయికి దిగిన ఇంట్లో అంతకుముందు ఎవరో పోయారని, రాత్రిళ్లు ఏవో చప్పుళ్లు వస్తాయని చుట్టుపక్కల వాళ్లు చెప్పారు. మంచిదే, చుట్టాలు తరచూ రారు అనుకుని రెండేళ్లు హాయిగా నిద్రపోయాను.

ఆఫీసులో నా పని కూడా అలాంటిదే. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. అంతా బాగానే ఉందని ఎవరెంత గట్టిగా చెప్పినా, నేను సొంతంగా చూసేదాకా ఒప్పుకోను. ఇదంతా ఎందుకంటే, కింద రాసింది చదివి వీడికేదో పూనింది అనుకోకూడదని.

మాది అనంతపురం జిల్లా. మా అక్క పద్మ నల్లగండ్లలో మా పక్క వీధిలోనే టైలరింగ్ షాపు నడుపుతుంది. జాకెట్ల మీద పూసలు, ముత్యాలు పెట్టి మగ్గం పని చేస్తుంది. పెళ్లిళ్ల సీజన్ వస్తే అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు. మొన్న వానాకాలంలో సూది బెజ్జం కనిపించడం లేదంది. వయసు కదా అని అద్దాలు మార్పించాం. లాభం లేకపోయింది. చివరికి స్కానింగ్ తీస్తే, కంటి నరాలను ఒత్తుతూ లోపల గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చేయాల్సిందే, ప్రాణానికి ఢోకా లేదు, చూపు నిలుస్తుందా లేదా అన్నది మాత్రం ఇప్పుడే చెప్పలేం అన్నారు డాక్టర్లు. ఆ మాట విని కారు పార్కింగ్‌లో నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు.

ఆపరేషన్‌కు ముందు తిరుపతి చూసొద్దామా అని అడిగాం. ఆమె శనిగ్రహం చూడాలంది. ఫోన్‌లో ఏదో వీడియో చూసిందట. బంతి చుట్టూ వెడల్పాటి ఉంగరం.

"ఇది నిజమా, గ్రాఫిక్సా? నా కండ్లతో చూస్తే గానీ నమ్మనురా."

ఎంతైనా నా అక్క కదా.

అమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. "ఆపరేషన్ పెట్టుకోని యాడికన్నా దేవళానికి పోతారు గానీ, శనిని చూసేకి పోతారంట్రా ఎవురైనా? అదీ శనివారం పూట! దాని చూపు పడకూడదని మేం నూనె దీపాలు పెడ్తాంటే, మీరు ఎదురుపోయి మొగం చూసొస్తారా?"

అక్క నవ్వింది. "అది నన్ను చూసేది ఎట్లా తప్పలేదు కదమ్మా. నేను కూడా దాన్ని ఒకసారి చూసొస్తా."

అమ్మ విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది.

కోకాపేట టవర్ల వెలుతురంతా వెనకబడి, శంకర్‌పల్లి దాటి, ఇంకా లోపలికి పోతే ఒక గుట్ట వస్తుంది. దాని మీద రేకుల షెడ్డు. పైకప్పు పట్టాల మీద పక్కకు జరుగుతుంది. వారమంతా ఐటీ కంపెనీల్లో పనిచేసే కొందరు, తలా ఇంత వేసుకుని కట్టుకున్న అబ్జర్వేటరీ అది. శనివారం చీకటి పడగానే ఎవరొచ్చినా ఉచితంగా చూపిస్తారు. తెల్ల లైటు వెలిగించకూడదు. ఫోన్లకు ఎర్ర కాగితం చుట్టాలి. చూసేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని వంగాలి, ఎందుకంటే ఎవరైనా ఆసరాకు టెలిస్కోపును పట్టుకున్నారంటే అది కాస్తా కదిలిపోతుంది.

మాకు చూపించిన అబ్బాయి పేరు నరేందర్. ఆ చుట్టుపక్కల ఊరివాడే, ఉద్యోగం గచ్చిబౌలిలో. ఆ సాయంత్రం అతని బాధ్యతలో ఒకే రకం టెలిస్కోపులు రెండున్నాయి. ఒకటి తూర్పున కృత్తికల వైపు, ఇంకోటి శని వైపు. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. టెలిస్కోపు మూతి మీది మూత తీసినవాడు దాన్ని తన జేబులోనే వేసుకోవాలి. చీకట్లో పోకుండా ఉంటుంది. జేబు తడిమి చూసుకుంటే టెలిస్కోపు తెరిచి ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.

మేం వెళ్లేసరికే దక్షిణాన అంతా మబ్బు. సన్నగా తుంపర కూడా పడింది. శని వైపు టెలిస్కోపుకు మూత పెట్టేసి అందరికీ కృత్తికలే చూపిస్తున్నారు. అంటే ఆ సాయంత్రం అప్పటిదాకా శనిని ఎవరూ చూడలేదు. ఈ సంగతి నేను తర్వాత అక్కడున్న ప్రతి ఒక్కరినీ అడిగి రూఢి చేసుకున్నాను.

అక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మబ్బు వైపే చూస్తోంది. ఆపరేషన్ బుధవారం. ఇంకో శనివారం లేదు. నరేందర్‌కు సంగతి చెప్పాను.

"ఫికర్ చెయ్యకన్నా, జర ఆగుదాం. మబ్బు జరుగుతది" అన్నాడు.

కాసేపటికి నిజంగానే మబ్బు కొంచెం విడింది. నరేందర్ పరిగెత్తాడు. జేబు తడుముకున్నాడు, మూత తగిలింది. పక్కనుండే చిన్న గొట్టంలోంచి గురి చూసి, "అక్కా, జల్ది రండ్రి! చేతులు ఎనక కట్టుకోండ్రి" అని పిలిచాడు. మళ్లీ ఎక్కడ కమ్ముకుంటుందో అని, తను ముందు చూసుకోకుండానే అక్కకు ఇచ్చేశాడు.

అక్క వంగింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా అంది:

"అబ్బ... ఉంగరం కాదురా ఇది. సూదికి ముత్యం ఎక్కించినట్టుంది. అంత సన్నగా ఉంది. కుడిపక్క, కొంచెం పైన, ఒక చిన్న పూస జారిపోయినట్టు ఉంది."

తల ఎత్తేసరికి ఆమె బుగ్గలు తడిగా ఉన్నాయి. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆమె వెళ్లి మెట్ల మీద కూర్చుంది. నేను వంగాను.

నల్లగా ఉంది. ఏమీ లేదు. మళ్లీ మబ్బు వచ్చిందేమో అనుకుని తలెత్తితే శని తేటగా మెరుస్తోంది. నరేందర్ ముందుకు వెళ్లి టెలిస్కోపు మూతి మీద చెయ్యి పెట్టాడు. అలాగే నిలబడిపోయాడు. ఆ ఎర్ర వెలుతురులో అతని చేతి కింద మూత నాకు కనిపించింది. అతని జేబులో ఉన్నది కృత్తికల టెలిస్కోపుది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నరేందర్ మూత లాగాడు. టప్‌మని చిన్న చప్పుడైంది. నేను మళ్లీ వంగాను.

సూదికి ఎక్కించిన ముత్యం. కుడిపక్క, కొంచెం పైన, చిన్న చుక్క.

ఆ వంగడం వంగి ఎంతసేపున్నానో తెలియదు.

తర్వాత నరేందర్‌ను పక్కకు తీసుకెళ్లి నేను చేయాల్సిన తనిఖీ అంతా చేశాను. మూతకు చిల్లు ఉందేమో అని ఫోన్ లైటు ఆనించి చూశాను. సూది మొన అంత వెలుతురు కూడా రాలేదు. గురి చూసే చిన్న గొట్టంలోంచి చూశాను. అందులో శని మామూలు చుక్కలాగే ఉంది. వీడియో గుర్తుండి ఊహించుకుందా? వీడియోలో వెడల్పాటి ఉంగరం ఉంది. ఆ రోజుల్లో శని వలయాలు అంచు మన వైపు తిరిగి గీతలా కనిపిస్తున్నాయని నరేందరే చెప్పాడు, అదీ అప్పుడే. ముందే చెబితే జనం నిరాశపడతారని చూసేదాకా ఎవరికీ చెప్పడట. ఇక ఆ చుక్క శని చందమామల్లో ఒకటి. ఒకరోజు ఉన్నచోట ఇంకోరోజు ఉండదు.

"నాకైతే సమజ్ కాలేదన్నా. అక్కకు మాత్రం చెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. దారి పొడుగునా అక్క మాట్లాడుతూనే ఉంది. ఆ సన్నపు గీత గురించి, ఆ పూస గురించి, ఇలాంటి పని జాకెట్ మీద చేస్తే ఎంత బాగుంటుందో అని. అలా వాగుతూంటే చిన్నప్పటి అక్కే. నేను ఊఁ కొడుతూ కారు నడిపాను.

బుధవారం ఆపరేషన్ జరిగింది. గడ్డ తీసేశారు. మనుషుల ఆకారాలు తెలుస్తున్నాయి, మొహాలు తెలియడం లేదు. ఇంకా మెరుగవుతుందన్న ఆశ పెట్టుకోవద్దని డాక్టరు మర్యాదగానే చెప్పాడు. షాపులో ఇద్దరమ్మాయిలను పెట్టింది. వాళ్లు కుట్టింది వేళ్లతో తడిమి చూసి, ఎక్కడ పూస వంకరగా పడిందో చెబుతుంది.

మొన్నొక ఆదివారం బాల్కనీలో ఎండలో కూర్చుని ఉన్నాం. అమ్మ లోపల చిక్కుడుకాయలు తుంచుతోంది. అక్క ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పొద్దు నేను చూసినాక, మూత తీసిన చప్పుడైంది కదరా?"

అమ్మ వింటోందేమోనని లోపలికి చూశాను.

"నాకు ఇనపడింది. నిన్నడిగితే ఏదో ఒక కారణం చెప్పి నన్ను పిచ్చిదాన్ని చేస్తావని అడగలేదు. దవాఖానాలో ఉన్నన్ని దినాలూ అదే యోచన నాకు. చివరిసారి కండ్లారా చూసింది అదొక్కటి. అదీ నా భ్రమేనా అని." నా వైపు తిరిగింది. "నిజం చెప్పు. నువ్వు చూసింది, నేను చూసింది ఒకటేనా?"

"ఒకటేనక్కా. ముత్యం, సూది, కుడిపక్క పూస. అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి."

ఆమె చేత్తో తడుముతూ నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"అయితే చాల్లేరా" అని ఏడ్చింది. డాక్టర్ చెప్పినరోజు కూడా ఏడవని మనిషి.

మూసిన గొట్టంలోంచి, సూది బెజ్జం కనపడని ఆ కళ్లతో, ఆమె దాన్ని ఎలా చూసిందో నాకు ఇప్పటికీ తెలియదు. చూసిందని మాత్రం ఎవరు అడిగినా ఒట్టేసి చెప్తాను.