అస్తరు మీదే ఉండనియ్యి

బండికి అస్తరు కొట్టి అక్కడితో వదిలేయమని అడిగిన మనిషిని నా రంగుల బతుకులో ఒక్కణ్ణే చూశాను. ఆ ఒక్కడూ మా అన్నే కావడం నా ఖర్మ.

అస్తరంటే రంగుకు ముందు వేసే పూత. బూడిద రంగులో, మెరుపన్నది లేకుండా ఉంటుంది. లప్పం పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, అస్తరు కొట్టి, మళ్లీ రుద్ది, అప్పుడు రంగు. నిజామాబాద్‌లో నాకు పని నేర్పిన ఉస్తాద్‌కు ఒక పట్టింపు ఉండేది. అస్తరు మీదున్న బండి షెడ్డు గడప దాటకూడదు. "అస్తర్ అంటే లోపలి బట్ట, బేటా. లోపలి బట్ట మీద ఎవడన్న బజార్ల తిరుగుతడా?" అనేవాడు. బోధన్‌లో సొంత షెడ్డు వేసుకున్నాక నేనూ ఆ మాట మీదే ఉన్నాను.

అన్న నాకంటే పదిహేనేళ్లు పెద్ద. బాపు పోయాక నన్ను సాకింది అతనే. ఒక దొర దగ్గర ఇరవై ఏళ్లు డ్రైవరుగా చేశాడు. దొర ఇక్కడివన్నీ వదులుకుని హైదరాబాద్ వెళ్లిపోతూ తన పాత నల్ల కారును అన్నకే వదిలేశాడు. అప్పటికే అది నాలుగేళ్లుగా పశువుల కొట్టంలో పడి ఉంది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. అన్న ఇంజను విప్పి బాగు చేసుకున్నాడు, సీట్లు కుట్టించాడు. తుప్పు తిన్న రేకు కోసి కొత్త రేకు అతికించడం నా వంతు. ఏడాది పట్టింది. ఊళ్లోవాళ్లను పొద్దున్నే నిజామాబాద్ ఆస్పత్రికి, కోర్టుకు తీసుకెళ్లి సాయంత్రానికి వెనక్కి తేవాలని అన్న ఆశ. స్టీరింగు పట్టడం తప్ప అతనికి మరో పని రాదు. ఆ బండి నడవకపోతే యాభై దాటకుండానే గడపలో కూర్చోవాలి.

నా తొందర వేరు. ఊళ్లోని చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలైతే చెరుకు పిప్పి కాలిన మసి ఊరంతా రాలుతుంది. ఆరేసిన బట్టల మీద రాలుతుంది, తినే అన్నంలో రాలుతుంది. తడి రంగు మీద పడితే ఇక చెప్పేదేముంది. క్రషింగ్ మొదలని ఫ్యాక్టరీ సైరన్ మోగిన రోజు నుంచి ఎండాకాలం దాకా బోధన్‌లో బుద్ధి ఉన్నవాడెవడూ బండికి రంగు వేయడు. సైరన్‌కు ఇంకా వారమే ఉంది.

అస్తరు ఆరిన మధ్యాహ్నం అన్న వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా రాశాడు.

"గిట్లనే ఉండనియ్యిరా. మంచిగున్నది."

"ఏం మంచిగ? బూడిదల పొర్లిన గాడిద లెక్కున్నది."

"మెరిసెటందుకు ఇదేమన్న పెండ్లిపిల్లనా? మసి వడ్డా కనవడది."

"వాన వడితె అస్తర్ నీళ్లు తాగుతది. ఏడాదికి మల్ల తుప్పు లేస్తది. గందుకేనా ఇంత కష్టవడ్డది?"

అన్న బానెట్ మీది చెయ్యి తీశాడు. "పోనీ, రంగే కొట్టు. పాలిష్ వెట్టకు. మబ్బుగ ఉండనియ్యి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఏడాదిగా భుజాలు పడిపోయేలా రుద్దింది నేను. రేపు బస్టాండు దగ్గర ఆ బండిని చూసి జనం అనేది నన్ను. మెరిసే బండ్లు వరసగా నిలబడి ఉంటే బూడిద బండి ఎవడెక్కుతాడు? ఎంత చెప్పినా అన్న వినలేదు, ఎందుకో చెప్పలేదు. ముసలితనానికి ముందే వచ్చిన మంకుపట్టు అనుకున్నాను.

పర్మిట్ కాగితాల కోసం అతను రెండు రోజులు నిజామాబాద్ వెళ్లాడు. ఆ రెండు రోజుల్లో నేను అన్నం కూడా షెడ్డుకే తెప్పించుకుని, ఐదు పూతలు నల్ల రంగు కొట్టి, పాలిష్ పెట్టాను. బానెట్‌లో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. తిరిగొచ్చిన అన్న ఎండలో దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. సంతోషమనుకుని నేను లోపల్లోపల పొంగిపోయాను.

"కొట్టినవా? సరే తీ" అన్నాడు, అంతే.

సైరన్ మోగిన మర్నాడు మొదటి ట్రిప్పు. పొద్దున ఇద్దరిని ఎక్కించుకుని బయల్దేరినవాడు, రెండు గంటలు తిరక్కుండానే నడిచి షెడ్డుకు వచ్చాడు. చెప్పులకు కాలువగట్టు మన్ను.

"బండి కాలువ కాడున్నది. తెచ్చుకో పో."

ఫ్యాక్టరీలో చెరుకు దించి తిరిగిపోతున్న ఖాళీ ఎడ్లబండిని వెనక నుంచి గుద్దాడు. మనుషులకూ ఎడ్లకూ ఏమీ కాలేదు. కారుకు ఒక దీపం పగిలింది, మడ్‌గార్డు వంగింది. ఎక్కినవాళ్లు దిగి బస్సులో పోయారు.

"పొద్దుగాల నిజామాబాద్ పోతె సూర్యుడు ముందటనే. పొద్దుమీకి వస్తె గప్పుడు గూడ ముందటనే" అన్నాడు అన్న, నా వైపు చూడకుండా. "బానెట్ మీద వడ్డ ఎండ కండ్లల్ల గుచ్చుతది. అంత తెల్లగైపోతది."

"గా ముచ్చట గప్పుడే ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తె నన్ను నడపనిస్తుంటివా?"

అతనికి కావలసింది ఒక్క బానెట్ మబ్బుగా ఉండటం. ఒక్క బానెట్ అడిగితే ఎందుకని నేను తరచి అడుగుతానని మొత్తం బండినే అస్తరు మీద ఉంచమన్నాడు. ఆ సంగతి అప్పటికి అర్థమైంది. నా పనితనం చూసుకుని మురిసినందుకు సిగ్గేసింది.

బకెట్టు, వాటర్ పేపరు తీసుకుని కాలువ దగ్గరికి వెళ్లాను. కాలువ నీళ్లతోనే తడుపుతూ, రోడ్డు పక్కన నిలబడి బానెట్ మీది నా ఐదు పూతల మెరుపునూ రుద్దేశాను. పోయే బండ్లవాళ్లు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. మధ్యాహ్నం తిరిగేసరికి చేతులు పైకి లేవలేదు. బానెట్ పొయ్యి మీది పెనంలా మెరుపు లేకుండా అయింది. ఆ తర్వాత వెళ్లి అన్నను వెంటబెట్టుకుని వచ్చాను.

"ఇగ సూడు."

అరచెయ్యి పెట్టి రాశాడు. "గిది. గిప్పుడు మంచిగైంది. రేపటిసంది నేనే నడుపుత."

"ఇంటి దాక నేను తీస్త. నువ్వు పక్కపొంటి కూసోని సూడు, ఎండ ఇంక కండ్లల్ల కొడుతదేమో" అన్నాను. షెడ్డులో బండ్లు ముందుకీ వెనక్కీ జరిపేపాటి డ్రైవింగు నాకూ వచ్చు. పొద్దు వాలుతోంది. బోధన్ వైపు తిప్పగానే సూర్యుడు ఎదురుగా వచ్చాడు. బానెట్ మీద ఒక్క మెరుపు లేదు.

"కొడుతుందా, అన్నా?"

"ఏం లేదురా. అంత సాఫ్ కనవడుతుంది." అన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు. "తొవ్వ ఖాళీగున్నది, జర ఉరికియ్యి."

మా ముందు నాలుగు చెరుకు బండ్లు, నిండుగా, రోడ్డంతా ఆక్రమించి ఫ్యాక్టరీకి పోతున్నాయి.

నేను గేరు తగ్గించాను. ఆ బండ్ల వెనకాలే, ఎడ్ల నడకన, ఊరి దాకా వచ్చాం. ఎందుకింత మెల్లగా తోలుతున్నావని అన్న ఒక్కసారి కూడా అడగలేదు.